హ్యాండ్‌బాల్ ఆటగాళ్ల ఒంట్లో కొవ్వెంత, కండెంత: కొలిచి ఆటతో సరిచూసుకునే పద్ధతి

"మా పిల్లలకు కొవ్వు శాతం ఎంత ఉండాలి సార్?" హ్యాండ్‌బాల్ నేర్పే పీఈటీలు, కొత్త కోచ్‌లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఒక అంకె చెప్పేసి తప్పించుకోవచ్చు. కానీ కోర్టు అంచున ఉరికే వింగర్‌కు సరిపోయిన అంకె, గోల్ ముందు తోపులాటలో నిలబడే పివట్‌కు సరిపోదు. నిరుడు ఒక కుర్రాడికి పనికొచ్చిన అంకె ఈ ఏడు వాడికే పనికిరాకపోవచ్చు.

అందుకని అంకె చెప్పను. మీ జట్టును మీరే కొలిచి, ఆ కొలతల్ని వాళ్ల జంప్, పరుగు, త్రో పక్కన పెట్టి చూసే పద్ధతి చెబుతాను. క్యాలిపర్ (చర్మపు మడత మందం కొలిచే పట్టకారు లాంటి పరికరం), టేపు, స్లో మోషన్ ఉన్న ఫోన్ ఉంటే రెండు రోజుల పని.

1. ఏ స్థానంలో ఒళ్లు ఏం పని చేస్తుందో ముందు రాసుకోండి

కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. పెద్దల మ్యాచ్ 30 నిమిషాల చొప్పున రెండు భాగాలు. అందులో ఉరుకులు, ఎగురుళ్లు, తోపులాట, మళ్లీ వెనక్కి పరుగు. వీటన్నిటికీ ఒకే రకం ఒళ్లు పనికిరాదు.

- వింగర్: ఫాస్ట్ బ్రేక్‌లో, అంటే బంతి దొరగ్గానే ఎదుటివాళ్లు సర్దుకోకముందే చేసే దాడిలో, అందరికంటే ముందు ఉరకాలి, మూల నుంచి గాల్లోకి లేవాలి. అదనపు కొవ్వు బరువు ఇక్కడ నేరుగా దెబ్బ కొడుతుంది.
- బ్యాక్: 9 మీటర్ల గీత దగ్గర డిఫెండర్ల మీదుగా ఎగిరి కొట్టాలి. ఎత్తు, పొడుగు చేతులు, కండ మూడూ కావాలి.
- పివట్: 6 మీటర్ల గీత మీద ఇద్దరు నెడుతున్నా నిలబడి బంతి అందుకోవాలి. బరువు ఇతనికి ఆయుధం.
- గోల్‌కీపర్: చేతుల చాపు, కాళ్ల సాగుడు, స్పందించే వేగం. ఓర్పు పరీక్షలో వెనకబడ్డాడని ఇతణ్ని తప్పుపట్టకండి.

గుర్తు పెట్టుకోవాల్సిన సూత్రం ఒకటే. ఒంటిని తానే మోసుకెళ్లే పనుల్లో, అంటే జంప్, స్ప్రింట్, షటిల్ పరుగుల్లో, కొవ్వు మోత బరువు. బంతి విసరడం, ఎదుటివాణ్ని ఆపడం లాంటి పనుల్లో కొవ్వు తీసేయగా మిగిలిన బరువు ఎక్కువగా లెక్కకొస్తుంది. దాన్ని కొవ్వురహిత బరువు అందాం. అందులో కండతో పాటు ఎముక, నీరు, అవయవాలు అన్నీ ఉంటాయి.

2. సామాన్లు సిద్ధం చేసుకోండి

☐ 100 గ్రాముల తేడా చూపించే డిజిటల్ వెయింగ్ మెషిన్
☐ గోడకు నిలువుగా అంటించిన టేపు, తల మీద ఆనించడానికి మూల సమంగా ఉన్న చెక్క
☐ స్కిన్‌ఫోల్డ్ క్యాలిపర్
☐ సాగని కొలత టేపు, ఒంటి మీద గుర్తు పెట్టే పెన్ను
☐ సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్, స్టాండు
☐ చాక్‌పీసు పొడి, కోన్‌లు, కొత్త బంతి
☐ పేర్లకు బదులు నంబర్లు రాసిన రిజిస్టర్

వెయింగ్ మెషిన్‌ను చాప మీదో మట్టి మీదో పెట్టొద్దు, గచ్చు మీద పెట్టండి. సీలు తీయని 25 కిలోల బియ్యం బస్తా దొరికితే ముందు అది పెట్టి చూడండి. ఎంత చూపించిందో రాసుకుని, ప్రతిసారీ అంతే చూపిస్తోందో లేదో చూసుకుంటే చాలు.

బంతి సైజు తప్పకండి. పెద్ద మగవాళ్ల బంతి 425–475 గ్రాములు, ఆడవాళ్లది 325–375 గ్రాములు. ఒకసారి ఒకదానితో, ఇంకోసారి మరోదానితో త్రో కొలిస్తే ఆ పోలికకు అర్థం ఉండదు.

3. కొలిచే రోజు ముందు రాత్రి నుంచి

పొద్దున్నే, ఏమీ తినకముందు, బాత్‌రూమ్‌కు వెళ్లొచ్చాక కొలవాలి. ముందు రోజు సాయంత్రం గట్టి ప్రాక్టీస్ పెట్టకండి. ప్రాక్టీస్ అయిన వెంటనే చర్మం చెమటతో జారుతుంది, ఒళ్లు వేడెక్కి మడత మందం కూడా మారుతుంది.

ఆడపిల్లల్ని మహిళా సిబ్బందే కొలవాలి. గది విడిగా ఉండాలి, ఇంకో ఆడమనిషి తోడుండాలి. మైనర్లయితే తల్లిదండ్రుల సంతకం ముందే తీసుకోండి. పీరియడ్స్ రోజుల్లో నీరు పట్టి బరువు అటూ ఇటూ అవుతుంది కాబట్టి అమ్మాయి ఇష్టపడితేనే ఆ తేదీ రిజిస్టర్‌లో రాయండి.

ఎదుగుదల ఊపులో ఉన్న 12–15 ఏళ్ల పిల్లలకు ఎత్తు, బరువు, ఆట పరీక్షలు చాలు. వాళ్లకు కొవ్వు లెక్కలు పెట్టకండి. ఆ వయసులో ఒంట్లో ఏ మార్పు ప్రాక్టీస్‌ వల్ల వచ్చిందో, ఏది వయసు వల్ల వచ్చిందో విడదీయడం కష్టం.

4. చర్మపు మడతలు: నిదానంగా చేయాల్సిన పని

తొందరపడే చోటు ఇదే, పాడయ్యేదీ ఇక్కడే. కుడివైపే కొలవండి. ముందు అన్ని చోట్లా పెన్నుతో గుర్తులు పెట్టి, ఆ తర్వాతే క్యాలిపర్ పట్టుకోండి. ఆరు చోట్లు:

1) జబ్బ వెనక: భుజం ఎముక కొసకూ మోచేతి కీలుకూ మధ్య సగం దూరంలో, నిలువు మడత.
2) రెక్క ఎముక కింద: ఎముక కింది మొన నుంచి 2 సెం.మీ. దిగువన, ఏటవాలు మడత.
3) తుంటి ముందు ఎముక మొనకు కాస్త పైన, లోపలికి ఏటవాలుగా.
4) బొడ్డుకు కుడిపక్క 5 సెం.మీ. దూరంలో, నిలువు మడత.
5) తొడ ముందు భాగం: కూర్చోబెట్టి, మోకాలు మడిచి, గజ్జ మడతకూ మోకాటి చిప్పకూ మధ్యన.
6) పిక్క లోపలి వైపు, బాగా లావుగా ఉన్నచోట, పాదం స్టూలు మీద పెట్టించి.

ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలితో చర్మాన్నీ దాని కింది కొవ్వునూ కలిపి పైకెత్తండి. కండ పట్టుకున్నారేమో అని అనుమానం వస్తే ఆటగాణ్ని ఆ కండ బిగించమనండి. మడత వేళ్ల నుంచి జారిపోతే మీరు పట్టుకున్నది కండే.

వేళ్లకు 1 సెం.మీ. దూరంలో క్యాలిపర్ పెట్టి, దాని పట్టు పూర్తిగా వదలండి. వేళ్లు మాత్రం మడతను వదలకూడదు. రెండు సెకన్లు ఆగి ముల్లు చదవండి. ఎక్కువసేపు ఆగితే కొవ్వు నలిగి అంకె దిగిపోతూ ఉంటుంది.

ఒకే చోట వెంటవెంటనే రెండుసార్లు కొలవొద్దు. ఆరు చోట్లూ ఒక చుట్టు పూర్తి చేసి, మళ్లీ మొదటి చోటికి రండి. రెండు కొలతల మధ్య తేడా 5 శాతం దాటితే మూడోసారి తీసి, మూడింట్లో మధ్యది ఉంచుకోండి. ఆరు కొలతలు కూడితే వచ్చే మిల్లీమీటర్ల మొత్తమే మీ అసలైన అంకె. దాన్ని శాతంగా మార్చకపోయినా పని నడుస్తుంది.

ఏడాది పొడవునా కొలిచే మనిషి మారకూడదు. మనిషి మారితే ఆటగాడి ఒంట్లో కొవ్వు మారకపోయినా అంకె మారుతుంది.

5. శాతం కావాల్సిందే అంటే

జాక్సన్, పొలాక్ అనే పరిశోధకులు 1978లో వయోజనులైన మగవాళ్ల కోసం ఇచ్చిన మూడు మడతల సూత్రం వాడొచ్చు. కొలిచే చోట్లు ఛాతీ, పొట్ట, తొడ.

శరీర సాంద్రత = 1.10938 − (0.0008267 × మడతల మొత్తం) + (0.0000016 × మొత్తం × మొత్తం) − (0.0002574 × వయసు)

కొవ్వు శాతం = (495 ÷ సాంద్రత) − 450

21 ఏళ్ల ఆటగాడికి ఛాతీ 8, పొట్ట 16, తొడ 14 మి.మీ. వచ్చాయనుకుందాం. మొత్తం 38. సాంద్రత 1.0749, కొవ్వు 10.5 శాతం. అతని బరువు 72 కిలోలైతే కొవ్వు దాదాపు 7.6 కిలోలు, మిగతాది 64.4 కిలోలు.

ఇక్కడ రెండు పొరపాట్లు మామూలుగా జరుగుతాయి. ఒకటి, పైన చెప్పిన ఆరు చోట్ల కొలతల్ని తెచ్చి ఈ సూత్రంలో వేసేయడం. ఈ సూత్రానికి పొట్ట మడత బొడ్డు పక్కన 2 సెం.మీ. దగ్గరే తీయాలి, తొడ మడత నిలబెట్టి తీయాలి. రెండోది, దశాంశాన్ని నమ్మేయడం. ఈ లెక్కలో 3–4 పాయింట్ల తప్పు మామూలే. 10.5 వచ్చినవాడు 7 కావచ్చు, 14 కూడా కావచ్చు. పైగా అమెరికన్లను కొలిచి తయారుచేసిన సూత్రం ఇది. అందుకే మడతల మొత్తమే మేలంటాను.

కాళ్ల కింద కరెంటు పంపి కొవ్వు చెప్పే మెషిన్లు కొన్ని జిమ్‌ల్లో ఉంటాయి. అవి ఒంట్లోని నీటిని బట్టి లెక్క కడతాయి. ఎండలో ఆడొచ్చి ఎక్కితే ఒక అంకె, రెండు గ్లాసుల మజ్జిగ తాగి ఎక్కితే ఇంకో అంకె. వాడేవాళ్లు పరగడుపునే, ప్రతిసారీ అదే మెషిన్ మీద చూసుకోవాలి.

బీఎంఐ (ఎత్తును బట్టి బరువు చూసే లెక్క) సంగతి ఒక్క ముక్కలో తేల్చొచ్చు: కండ పెరిగిన పివట్‌ను కూడా అది లావు కింద జమ కడుతుంది.

6. ఆట పరీక్షలు: ఈ వరస తప్పొద్దు

తాజాగా ఉన్నప్పుడు జంప్, తర్వాత స్ప్రింట్, ఆ తర్వాత త్రో. ఓర్పు పరీక్ష రెండో రోజు. ముందే షటిల్ పరుగులు పెట్టి, ఆ కాళ్లతోనే జంప్ చేయించినవాళ్లను చూశాను. అప్పుడు వచ్చే అంకె అలసటది.

జంప్: వేళ్లకు చాక్‌పీసు పొడి రాసి, గోడ పక్కన నిలబెట్టి, చేయి పూర్తిగా చాపించి గుర్తు పెట్టించండి. తర్వాత ఎగిరి ఇంకో గుర్తు. మూడు ప్రయత్నాల్లో మంచిది రాసుకోండి. పిల్లలు తెలివైనవాళ్లు, నిలబడి అందుకునేటప్పుడు భుజం కిందికి దించి 3 సెంటీమీటర్లు మిగుల్చుకుంటారు. భుజం చెవికి తగిలేదాకా పైకి లేపించండి.

స్ప్రింట్: 10, 30 మీటర్లు. చేతి స్టాప్‌వాచ్ మీద ఆధారపడితే మీ బొటనవేలు చేసే తప్పు ఆటగాడి మెరుగుదల కంటే పెద్దదవుతుంది. ఫోన్‌ను గీతకు ఎదురుగా పెట్టి ఫ్రేములు లెక్కపెట్టండి.

త్రో: బంతి వదిలే చోట కింద గీత గీయండి, అక్కడి నుంచి గోల్ వరకు దూరం కొలవండి. 8 మీటర్ల దూరాన్ని బంతి 96 ఫ్రేముల్లో దాటితే, 96 ÷ 240 = 0.4 సెకన్లు. వేగం సెకనుకు 20 మీటర్లు, అంటే గంటకు 72 కిలోమీటర్లు. గోల్‌కీపర్‌ను పక్కన పెట్టండి, నెట్‌లో ఏ మూలకైనా పర్లేదనండి. గురి మీద ధ్యాస పడితే వేగం తగ్గుతుంది.

ఓర్పు: యో-యో లెవెల్ 1, అంటే బీప్ శబ్దాన్ని బట్టి వేగం పెంచుతూ ఆగిపోయేదాకా పరుగెత్తే పరీక్ష. 20 మీటర్లు వెళ్లి రావాలి, 10 సెకన్ల విరామం. కోర్టు వెడల్పు సరిగ్గా 20 మీటర్లే కాబట్టి సైడ్ లైన్లే సరిపోతాయి. విరామంలో నడవడానికి గీత అవతల ఇంకో 5 మీటర్ల ఖాళీ ఉండేలా చూసుకోండి.

7. బరువు మంచిదా చెడ్డదా తేల్చే లెక్క

జంప్ ఎత్తు ఒక్కటే చూస్తే బరువైనవాడికి అన్యాయం జరుగుతుంది. సేయర్స్ అనే పరిశోధకుడు ఇచ్చిన సూత్రం ఆ లోటు కొంత తీరుస్తుంది.

గరిష్ఠ శక్తి (వాట్లలో) = 60.7 × జంప్ ఎత్తు (సెం.మీ.) + 45.3 × బరువు (కిలోలు) − 2055

60 కిలోల వింగర్ 45 సెం.మీ. ఎగిరాడు. శక్తి దాదాపు 3,395 వాట్లు, కిలోకు 56.6. అదే జట్టులో 80 కిలోల పివట్ 38 సెం.మీ. మాత్రమే ఎగిరాడు. శక్తి దాదాపు 3,876 వాట్లు, కిలోకు 48.4.

తక్కువ ఎగిరిన పివట్ దగ్గరే మొత్తం శక్తి ఎక్కువ ఉంది, 6 మీటర్ల గీత మీద అతనికి కావాల్సింది అదే. వింగర్‌కు కిలోకు వచ్చే శక్తి ముఖ్యం. కాబట్టి వింగర్‌ను "ఇంకా తిను", పివట్‌ను "తగ్గు" అని కేకలేసే ముందు మొత్తం శక్తి, కిలోకు శక్తి, ఈ రెండు అంకెలూ చూడండి.

8. గ్రాఫ్ కాగితం తీయండి

అడ్డంగా మడతల మొత్తం, నిలువుగా జంప్ ఎత్తు. ఆటగాడికో చుక్క. వింగర్లకు ఒక రంగు, బ్యాక్‌లకు ఒకటి, పివట్‌లకు ఇంకొకటి. ఇలాంటివే మరో రెండు: మడతల మొత్తంతో యో-యో దూరం, కొవ్వురహిత బరువుతో త్రో వేగం. ఈ మూడోదానికి శాతం లెక్క కట్టాల్సిందే, దాన్ని అంచనాగానే తీసుకోండి.

సాధారణంగా మొదటి రెండింట్లో చుక్కలు కుడివైపుకు దిగుతూ, మూడోదాంట్లో ఎక్కుతూ కనిపిస్తాయి. ఆ వాలుకు దూరంగా ఉన్న చుక్కల దగ్గరే కోచ్‌కు పని. కొవ్వు తక్కువే ఉన్నా జంప్ రాని కుర్రాడికి కావాల్సింది కాళ్ల బలం, ఎగిరే పద్ధతి. వాణ్ని డైటింగ్‌లో పెడితే ఉన్నదీ పోతుంది. కండ బాగా ఉన్నా త్రో వేగం లేనివాడికి అడుగు వేయడం, నడుము తిప్పడం, మోచేయి ఎత్తు సరిచూడాలి.

కంప్యూటర్‌లో సహసంబంధ గుణకం (రెండు కొలతలు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే సంఖ్య) తీసే అలవాటున్నవాళ్లకు ఒక హెచ్చరిక. 14 మందే ఉన్న జట్టులో ఆ గుణకం (మైనస్ గుర్తు వదిలేసి) 0.53 దాటకపోతే కాకతాళీయం కాదని చెప్పలేం. దాటినా, ఇద్దరు బరువైన గోల్‌కీపర్ల వల్లే ఆ వాలు వచ్చిందేమో వాళ్లను తీసేసి మళ్లీ చూడండి.

9. ఎనిమిది వారాల తర్వాత రెండో కొలత: ఎలా చదవాలి

- బరువు అంతే, మడతలు తగ్గాయి, జంప్ పెరిగింది: చేస్తున్నదే కొనసాగించండి.
- బరువు పెరిగింది, మడతలు మారలేదు, 10 మీటర్ల టైమ్ చెడలేదు: వచ్చింది కండే. పివట్, బ్యాక్‌లకు శుభవార్త.
- బరువు తగ్గింది, మడతలు అంతే, జంప్, త్రో పడిపోయాయి: పోయింది నీరు లేదా కండ. వెంటనే తిండి పెంచండి, ప్రాక్టీస్ తగ్గించండి.
- బరువు, మడతలు రెండూ పెరిగాయి, యో-యో తగ్గింది: సెలవుల తర్వాత మామూలే. కంగారు పడి పస్తులు పెట్టకండి.
- మడతలు తగ్గాయి, ఆట మాత్రం మెరుగుపడలేదు: ఇక కొవ్వు తగ్గించడం ఆపండి. ఆ ఆటగాడి హద్దు అదే.

ఈ ఆఖరిదాన్ని చాలామంది ఒప్పుకోరు. సన్నబడితే చూడ్డానికి ఫిట్‌గా ఉంటారు, ఫొటో బావుంటుంది. కానీ స్కోరుబోర్డు మీద అది కనపడదు.

10. తగ్గించాల్సి వస్తే, పెంచాల్సి వస్తే

సీజన్ మధ్యలో తగ్గించొద్దు. టోర్నమెంట్లు లేని నెలల్లో, వారానికి ఒంటి బరువులో 0.7 శాతం వరకు. 70 కిలోల మనిషికి అర కిలో లోపు. వారానికి రెండు, మూడు రోజులు స్క్వాట్లు, పుల్-అప్‌లు లాంటి బలం పెంచే వ్యాయామాలు తప్పనిసరి. అవి లేకుండా తగ్గితే కొవ్వుతో పాటు కండా పోతుంది.

ప్రొటీన్ కిలో బరువుకు రోజుకు 1.4 నుంచి 2 గ్రాములు. 60 కిలోలకు 84–120 గ్రాములు. హాస్టల్ పళ్లెంలో అన్నం కొండంత, పప్పు నీళ్లలా ఉంటే ఇది రాదు. గుడ్డుకు దాదాపు 6 గ్రాములు వస్తుంది. చిక్కటి పప్పు, ఉడికించిన శనగలు, వేరుశనగలు, పెరుగు, పెసరట్టు, వారంలో కొన్నిసార్లు చికెనో చేపో చేర్చండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆహార పట్టికల్లో మన దినుసుల విలువలే ఉంటాయి, లెక్కకు అవి వాడండి. అన్నం పూర్తిగా మాన్పించొద్దు. ఉరకడానికి ఇంధనం అదే.

తిండికి కింది హద్దు ఒకటుంది. ప్రాక్టీస్‌కు ఖర్చయ్యే కేలరీలు పక్కన పెట్టాక, కొవ్వురహిత బరువులో ప్రతి కిలోకూ కనీసం 30 కేలరీలు మిగలాలి. ఒక అమ్మాయి కొవ్వురహిత బరువు 45 కిలోలు, ప్రాక్టీస్‌లో 500 కేలరీలు ఖర్చు అనుకుందాం. 1,350 + 500 = 1,850. అంతకు దిగితే ప్రమాదం. కిలోకు 45 చొప్పున, అంటే 2,525 దగ్గర ఉంటే నిశ్చింత. మూడు నెలలు పీరియడ్స్ రాకపోయినా, పిక్క ఎముక నొప్పి తగ్గకపోయినా, ఎప్పుడూ నీరసంగా ఉన్నా డాక్టర్‌కు చూపించండి. ఆడపిల్లల్లో నీరసం, ఓర్పు తగ్గడం కనిపిస్తే కొవ్వు కొలిచే ముందు హిమోగ్లోబిన్ చూపించడం మంచిది.

11. నేను చేసిన తప్పు, మీరు చేయొద్దు

ఓసారి క్యాంపులో కొలతల జాబితా గోడకు అంటించాను, పట్టుదల వస్తుందని. మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర ఇద్దరు అమ్మాయిలు ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకుని చట్నీలో వేలు తిప్పుతూ కూర్చున్నారు. సాయంత్రం ప్రాక్టీస్‌లో ఒకమ్మాయి కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. ఆ కాగితం చింపేశాను. అప్పటి నుంచి నంబర్లే రాస్తాను, ఎవరి అంకె వాళ్లకే విడిగా చెబుతాను, "లావు", "బండ" అనే మాటలు గ్రౌండ్‌లో వినపడనివ్వను.

రిజిస్టర్‌లో ప్రతి పేజీకి ఈ గళ్లు పెట్టుకోండి:

☐ తేదీ, సమయం, కొలిచినవారు
☐ ఆటగాడి నంబరు, స్థానం, వయసు
☐ ఎత్తు, బరువు, ఆరు మడతలు (రెండేసి సార్లు), మొత్తం
☐ జంప్, 10 మీ., 30 మీ., త్రో, యో-యో
☐ నిద్ర, గాయం, జ్వరం ఏమైనా ఉంటే
☐ వచ్చే ఎనిమిది వారాలకు మార్చబోయే విషయం, ఒక్కటే

సెలక్షన్స్ వారంలో మాత్రం క్యాలిపర్ బీరువాలోనే ఉంచండి.